చర్మ లింఫోమా కబురు: డాక్టరు గదిలోనూ ఇంట్లోనూ చేయవలసినవి - చేయకూడనివి

బయాప్సీ రిపోర్టులో 'మైకోసిస్ ఫంగాయిడిస్, తొలిదశ' అని చూస్తే చర్మవైద్యులు చాలావరకు స్థిమితపడతారు. నెమ్మదిగా నడిచే జబ్బు, చర్మం దాటి లోపలికి పోలేదు, పైపూతలతోనో లైటుతోనో అదుపులో పెట్టవచ్చు అన్నది వాళ్ళ లెక్క. అదే కాగితం చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం 'లింఫోమా' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. "కంగారేం లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి" అని డాక్టరు అనగానే ఆ మనిషికి రెండు అనుమానాలు పుడతాయి. నిజం దాస్తున్నారా? లేకపోతే నన్ను పట్టించుకోవడం లేదా?

ఇద్దరూ చూస్తున్నది ఒకే జబ్బును. కాని డాక్టరు దాని వేగాన్ని చూస్తున్నారు, రోగి దాని పేరును చూస్తున్నాడు. ఈ తేడాను ఆ గదిలోనే సరిచేసుకోకపోతే బయటికి వచ్చాక పొరపాట్లు మొదలవుతాయి. బెదిరినవాళ్ళు కీమో ఇచ్చే ఆసుపత్రి కోసం ఊళ్ళు తిరుగుతారు. మరీ ధీమా పడినవాళ్ళు మళ్ళీ డాక్టరు గడప తొక్కరు. ఈ జబ్బులో జాగ్రత్తలు మందులతో కాదు, మాటలతో మొదలవుతాయని నేను నమ్ముతాను.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా. రోగాలతో పోరాడే తెల్లకణాల్లో టీ కణాలు ఒక రకం. చర్మంలో ఉండే టీ కణాల్లో కొన్ని అదుపు తప్పి పెరిగే కేన్సరే మైకోసిస్ ఫంగాయిడిస్. చర్మంలో పుట్టే లింఫోమాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. 1806లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు అలిబేర్ దీన్ని మొదట వర్ణించారు. ముదిరిన రోగి ఒంటిమీది గడ్డలు పుట్టగొడుగుల్లా ఉండటంతో ఆ పేరు వచ్చింది. ఫంగస్‌తో ఏ సంబంధమూ లేదు. పేరు చూసి తామర మందు కొనుక్కునేవాళ్ళు ఉంటారు కనుక ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకోదు.

పేరు తేలకముందు

ఈ జబ్బు ఏమిటో తేలడానికే ఏళ్ళు పడుతుంది. పలుదేశాల చర్మ లింఫోమా కేంద్రాలు కలిసి నడుపుతున్న ప్రోక్లిపీ అధ్యయనంలో, తొలిదశ రోగులకు మొదటి మచ్చ కనిపించిననాటి నుంచి నిర్ధారణ దాకా పట్టిన మధ్యస్థ కాలం 36 నెలలు. అంటే సగంమందికి మూడేళ్ళకు పైగానే. ఆ ఆలస్యమంతా డాక్టర్ల నిర్లక్ష్యమే అనుకోవడం న్యాయం కాదు. తొలిరోజుల్లో ఇది మైక్రోస్కోపు కింద కూడా ఎగ్జిమాలాగో సోరియాసిస్‌లాగో కనిపించి తప్పించుకుంటుంది.

పిరుదులు, తొడలు, నడుము, రొమ్ముల కింద, అంటే ఎప్పుడూ బట్టల చాటున ఉండి ఎండ తగలని చోట, పొలుసులతోనో దురదతోనో ఉన్న మచ్చ నెలల తరబడి మానకపోతే చర్మవైద్యులకు చూపించండి. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్ళలో, అందులోనూ పిల్లల్లో, చిన్నవయసువాళ్ళలో ఇది ఎర్రగా కాకుండా తెల్లగా పాలిపోయిన మచ్చలుగా రావచ్చు. బొల్లి అనో కుష్టు అనో ఇంట్లోనే తీర్పు చెప్పేయకండి. కుష్టు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, కాని ఆ పరీక్ష తెలిసిన చేయి చేయాలి. ఒకవేళ కుష్టే అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారు. దాచుకోవాల్సిన అవసరం ఏ విధంగానూ లేదు.

మందుల షాపులో అడిగి స్టీరాయిడు కలిసిన క్రీము తెచ్చుకుని రాయకండి. మన ఊళ్ళలో ఏ మచ్చకైనా మొదట జరిగేది ఇదే. స్టీరాయిడు కలిసిన చాలా పైపూతలను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చేతికి దొరుకుతూనే ఉన్నాయి. నాలుగు మందులు కలిపిన ఆ ట్యూబు రాయగానే మచ్చ వెలిసిపోతుంది, దురద తగ్గుతుంది, మనకు హాయిగా ఉంటుంది. అదే సమయంలో బయాప్సీలో కనిపించాల్సిన ఆనవాళ్ళు కూడా చెదిరిపోతాయి. అందుకే బయాప్సీకి ముందు రెండు నుంచి నాలుగు వారాలు స్టీరాయిడు పూత ఆపమని డాక్టర్లు చెబుతారు. ఏ మచ్చమీద ఏమీ రాయకుండా ఉంచారో గుర్తుపెట్టుకుని, ముక్క ఆ చోటినుంచి తీయమని చెప్పండి.

"మళ్ళీ ముక్క తీయాలి" అంటే కోప్పడకండి. మొదటి బయాప్సీలో తేలకపోవడం ఈ జబ్బులో మామూలే. ఆర్నెల్ల తర్వాత రెండోది, వేర్వేరు చోట్ల మూడోది అవసరం పడవచ్చు. ముక్క తీస్తే కేన్సరు పాకుతుందన్న మాటలో నిజం లేదు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి భద్రపరచుకోండి. రేపు ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళితే వాటితోనే మళ్ళీ చూడగలుగుతారు, మరో కోత తప్పవచ్చు.

ఇంకొక హెచ్చరిక డాక్టర్లకూ రోగులకూ ఉమ్మడిగా చెప్పాలి. పెద్దవయసులో కొత్తగా మొదలై ఏ మందుకూ లొంగని 'ఎగ్జిమా'కు సైక్లోస్పోరిన్ గాని, డుపిలుమాబ్ ఇంజెక్షన్ గాని మొదలుపెట్టేముందు బయాప్సీ చేసి చూడటం మంచిది. ఎగ్జిమా అనుకుని ఆ మందులు ఇచ్చాక అసలు లింఫోమా బయటపడిన, ముదిరిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

డాక్టరు గదిలో

ఒంటరిగా వెళ్ళకండి. కేన్సరు అన్న మాట చెవిన పడ్డాక ఆ తర్వాతి పది నిమిషాల్లో చెప్పినదేదీ బుర్రకెక్కదు. పక్కన భార్యో, తమ్ముడో, స్నేహితుడో ఉంటే వాళ్ళు విని రాసుకుంటారు.

అడగాల్సినవి అడగండి. "డాక్టరుగారూ, నాది ఏ దశ? ఒంటిమీద ఎంత శాతం ఉంది? బిళ్ళల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి) గాని రక్తంలోకి గాని వెళ్ళిందా? ఈ మందు పనిచేస్తోందని ఎన్నాళ్ళకు తెలుస్తుంది? ఏం కనిపిస్తే మీ దగ్గరికి వెంటనే రావాలి?" ఈ అయిదింటికీ జవాబు దొరికితే మీ జబ్బు మీకు అర్థమైనట్టే. శాతం అన్నది భయపడే లెక్క కాదు. వేళ్ళతో సహా మీ అరచేయి మీ ఒంట్లో దాదాపు ఒక శాతం. పల్చటి లేదా దళసరి మచ్చలు మొత్తం పది అరచేతులకన్నా తక్కువ మేర ఉండి, బిళ్ళల్లోనూ లోపలి అవయవాల్లోనూ జబ్బు లేకపోతే అది మొట్టమొదటి దశ, వైద్యులు వన్-ఏ అంటారు. అంతకు మించితే వన్-బి. గడ్డలు లేచినా, ఒళ్ళంతా ఎర్రబారినా, రక్తంలో జబ్బుకణాలు బాగా పెరిగినా దశ మారుతుంది, చికిత్సా మారుతుంది. ఒళ్ళు ఎర్రబారి రక్తంలోనూ కణాలు కనిపించే రూపాన్ని 1938లో వివరించిన సెజారీ పేరుతో పిలుస్తారు. అది తొలిదశ మచ్చలతో పోల్చుకోవలసిన జబ్బు కాదు. ఇంటర్నెట్‌లో కనిపించే భయంకరమైన ఫొటోలు చాలావరకు అలా ముదిరినవాళ్ళవే. దశ తెలుసుకోకుండా వాటిని చూసి కుంగిపోకండి.

"నయమవుతుందా, కాదా?" అని అడిగితే సూటిగా జవాబు రాదు. దీనికి కారణం డాక్టరు తప్పించుకోవడం కాదు, జబ్బు స్వభావమే అంత. మచ్చలు పూర్తిగా పోయి, మందు ఆపి, ఏళ్ళ తరబడి ఏమీ లేకుండా ఉండేవాళ్ళు ఉన్నారు. మళ్ళీ వచ్చేవాళ్ళూ ఉన్నారు. శాశ్వతంగా పోయిందని ముందే హామీ ఇవ్వడం కుదరదు. మన డాక్టర్లు దీన్ని షుగరు జబ్బుతో పోల్చి చెబుతుంటారు. జీవితాంతం ఒక కన్ను వేసి ఉంచాలన్నంతవరకే ఆ పోలిక పనికొస్తుంది. షుగరు మందు మానకూడదు కనుక ఇదీ అంతేనని, మచ్చలు పోయాక కూడా స్టీరాయిడు పూత ఏళ్ళ తరబడి రాసుకుంటూ పోవడం పొరపాటు. చర్మం పల్చబడి చారలు పడతాయి.

"నెమ్మదైన జబ్బు" అన్న మాటను నమ్మండి, దానికి ఆధారం ఉంది. వన్-ఏ దశలో ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి స్టాన్‌ఫర్డ్ వైద్యులు 1996లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళ ఆయుష్షు అదే వయసు సాధారణ జనంతో సమానంగా ఉంది. జబ్బు పైదశకు పోయింది దాదాపు పదిమందిలో ఒకరికే. అయితే నెమ్మది అంటే ఏమీ చేయదని మాత్రం అనుకోకండి. 'యెస్ మినిస్టర్' టీవీ ధారావాహికలో మంత్రి జిమ్ హ్యాకర్‌గా నటించిన బ్రిటిష్ నటుడు పాల్ ఎడింగ్టన్‌కు ఈ జబ్బే. యవ్వనంలో వచ్చిన దాన్ని దాదాపు నలభై ఏళ్ళు ఒంటిమీద మోస్తూ, చాలాకాలం లోకానికి తెలియనీయకుండా, నాటకాలూ టీవీ ధారావాహికలూ చేశారు. చివరికి 1995లో ఆ జబ్బుతోనే కన్నుమూశారు. ఆ నలభై ఏళ్ళూ నిజం, ఆ ముగింపూ నిజం. డాక్టరు మాటలో ఈ రెండూ వినిపించాలి, మనం రెండూ వినాలి.

కీమో ఇవ్వలేదని డాక్టరును అనుమానించకండి. కేన్సరంటే సెలైన్ సీసాలో మందు ఎక్కించాల్సిందే అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ 103 మంది రోగులను రెండు జట్లుగా చేసి ఈ ప్రశ్ననే పరీక్షించింది. ఒక జట్టుకు మొదటే ఒళ్ళంతా ఎలక్ట్రాన్ కిరణాలు, దానితోపాటు నాలుగు మందుల కీమో. రెండో జట్టుకు పైపూతలతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి ఒక్కో మెట్టు ఎక్కడం. 1989లో వచ్చిన ఫలితం ప్రకారం కీమో జట్టులో మచ్చలు ఎక్కువమందికి మాయమయ్యాయి గాని ఆయుష్షులో తేడా రాలేదు. దుష్ఫలితాలు మాత్రం బాగా ఎక్కువ. అప్పటినుంచీ తొలిదశలో చర్మానికే చికిత్స చేయడం వైద్యుల పద్ధతి. మీ డాక్టరు పూత మందు రాసిస్తే అది నిర్లక్ష్యం కాదు, ఆ అధ్యయనం నేర్పిన పాఠం.

దురద సంగతి దాచకండి. ఇక్కడ డాక్టర్ల చూపుకూ రోగి బాధకూ చాలా దూరం ఉంది. డాక్టరు మచ్చ వెడల్పు కొలుస్తారు, అది తగ్గితే సంతోషిస్తారు. రాత్రిళ్ళు నిద్రలేక గోళ్ళతో రక్కుకుంటున్న మనిషికి ఆ కొలత అక్కరకు రాదు. "మచ్చ తగ్గింది గాని నిద్ర లేదండీ" అని అనండి. దురదకు విడిగా మందులున్నాయి, అడిగితేనే రాస్తారు. అలాగే పిరుదులమీదో రొమ్ముకిందో ఉన్న మచ్చ చూపించడానికి సిగ్గుపడి "అంతా బాగానే ఉంది" అని వచ్చేయకండి. ఆడ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు.

ఇంట్లోవాళ్ళు

"ఆయనకు మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేరు" అని డాక్టరును బతిమాలడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కాని ఈ జబ్బులో అది చేటు చేస్తుంది. కొత్త మచ్చ వచ్చిందా, పాతది దళసరి అయిందా, గజ్జల్లో బిళ్ళ కట్టిందా అని రోజూ చూసుకోవాల్సింది ఆ ఒంటి యజమానే. ఎందుకు చూసుకోవాలో తెలియని మనిషి ఎందుకు చూసుకుంటాడు? పైగా ఫైలు ఆయన చేతిలోనే ఉంటుంది, ఫోనూ ఉంటుంది. ఏదో రాత్రి ఒంటరిగా వెతికి తెలుసుకుంటాడు. అప్పుడు ఇంట్లోవాళ్ళమీదా డాక్టరుమీదా కూడా నమ్మకం పోతుంది.

కంచం, పక్క, తువ్వాలు వేరు చేయకండి. పిల్లలను ఒళ్ళో కూర్చోనివ్వండి. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే జబ్బుగా కూడా వైద్యులు చూడరు. వంకాయ, గోంగూర, చేపలు, మాంసం మాన్పించి పథ్యం పెట్టకండి. ఈ లింఫోమాను పెంచే కూరగాని తగ్గించే కూరగాని లేదు. ఒళ్ళంతా ఎర్రబారి పొలుసులు రాలుతున్నవాళ్ళు చర్మం ద్వారా ప్రొటీన్లు పోగొట్టుకుంటారు. వాళ్ళకు గుడ్లు, పప్పు, మాంసం ఇంకా ఎక్కువ కావాలి.

చెప్పేవారికి ఒక మాట

డాక్టర్లు ఈ వ్యాసం చదివితే వాళ్ళకూ కొన్ని విన్నపాలు. కేన్సరు కబురు చెప్పే పద్ధతిని వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు 2000లో స్పైక్స్ పేరుతో ఆరు మెట్లుగా రాశారు. అందులో చెప్పడం నాలుగో మెట్టు. దానికి ముందే రోగికి ఇప్పటికే ఏం తెలుసో, ఇంకా ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. రద్దీగా ఉండే ఓపీలో ఆరు మెట్లూ ఎక్కే తీరిక ఉండదని తెలుసు. కనీసం "మీరేం అనుకుంటున్నారమ్మా దీని గురించి?" అన్న ఒక్క ప్రశ్న అడగండి. తామర అనుకుంటున్నారో, కుష్టు అనుకుంటున్నారో, రేపే చనిపోతాననుకుంటున్నారో తేలిపోతుంది. ఏ భయం ఉందో తెలిస్తే ఆ భయానికే జవాబు చెప్పవచ్చు.

పేరును దాచిపెట్టి "చిన్న చర్మవ్యాధి" అనకండి. లింఫోమా అని చెప్పి, అదే వాక్యంలో దాని నెమ్మదినీ చెప్పండి. "ఇది మిమ్మల్ని చంపదు, ముసలితనంలో ఇంకేదో వచ్చి పోతారు" అన్న ఓదార్పు వైద్యుల నోట వినిపిస్తుంటుంది. ధైర్యం చెప్పాలన్న ఉద్దేశమే గాని వినే మనిషికి అందులో చావు కబురే మిగులుతుంది. దానికి బదులు దశ ఏమిటో, ఈ దశలోవాళ్ళు ఎలా బతుకుతున్నారో చెప్పండి. మన ఊరి రోగికి 'ఇండొలెంట్' అన్న మాట అర్థం కాదు. "ఏళ్ళ తరబడి మెల్లగా నడుస్తుంది, మనం గమనిస్తూ ఉంటాం" అంటే అర్థమవుతుంది. ఈ మాటలో 'మనం' చాలా అవసరం.

మందుల దగ్గర

డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం పోతుంది కనుక మరోసారి చెబుతున్నాను, రోజూ కాదు, వారానికి ఒక్కరోజు. ఏ రోజో చీటీమీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకోండి. "సోమవారం వేసుకున్నారా?" అని ఇంట్లో ఒకరు అడగాలి. నోట్లో పుళ్ళు పడినా, జ్వరం వచ్చినా, ఒంటిమీద నెత్తురు చుక్కలు కనిపించినా వెంటనే మందు ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. జలుబుకో మూత్రంలో మంటకో ఆర్‌ఎంపీ దగ్గర మందు తీసుకునేముందు మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పండి. అలాంటి వాటికి ఇచ్చే కోట్రైమాక్సజోల్‌తో అది కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మద్యం వద్దు. గర్భం ధరించే ఆలోచన ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. బెక్సరోటీన్ మాత్రలకూ ఇదే హెచ్చరిక, వాటితో కొవ్వులు, థైరాయిడ్ పరీక్షలు కూడా మానకూడదు.

లైటు చికిత్సను 'కరెంటు పెట్టడం' అనుకుని భయపడకండి. రేడియేషన్ వేరు, ఇది వేరు. న్యారోబ్యాండ్ యూవీబీలో 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్ళాలి. నాలుగుసార్లు వెళ్ళి ఒళ్ళు నల్లబడిందని మానేయకండి, ఆ నలుపు తర్వాత తగ్గుతుంది. లైటు పెట్టెలో నిలబడినప్పుడు కళ్ళద్దాలు తీయకండి, మగవారు మర్మాంగాలను కప్పుకోవాలి. సొరాలెన్ మాత్ర వేసుకుని చేసే పువా పద్ధతిలో ఆ రోజంతా ఎండకూ జాగ్రత్త, కళ్ళకూ జాగ్రత్త. తెల్లమచ్చలకు మన పల్లెల్లో బావంచాల నూనె రాసే అలవాటుంది. బావంచాల్లో ఉన్నది ఆ సొరాలెనే. ఆ నూనె రాసుకుని లైటు కిందికో ఎండలోకో వెళితే బొబ్బలెక్కి కాలిపోతుంది. రాసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి, దాచకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు క్లోర్‌మెథీన్ జెల్ రాసే అవకాశం ఉంది, అక్కడ అది 2013 నుంచి వాడుకలో ఉంది. అమ్మకో నాన్నకో వీపుమీద రాసిపెట్టేవాళ్ళు నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. ఫ్రిజ్‌లో పిల్లలకు అందని చోట ఉంచండి. ఆరేదాకా పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి వెళ్ళకూడదు, అది మండుతుంది. గడ్డల దశకు, రక్తంలోకి పాకిన దశకు బ్రెంటుక్సిమాబ్, మోగములిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు, ఒళ్ళంతా ఎలక్ట్రాన్ కిరణాలు, కొందరికి మూలకణాల మార్పిడి ఉన్నాయి. అవన్నీ పెద్ద కేంద్రాల్లో, చర్మవైద్యులూ కేన్సరు వైద్యులూ కలిసి తేల్చాల్సిన సంగతులు.

వెంటనే వెళ్ళాల్సిన వేళ

ముదిరిన దశలో ప్రాణం తీసేది చాలాసార్లు చర్మం పగుళ్ళలోంచి లోపలికి దిగే ఇన్ఫెక్షన్. మచ్చ చిట్లి చీము కారుతున్నా, చలితో జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా రేపటిదాకా ఆగకండి. పుండుమీద పసుపు, వేపాకు ముద్ద, పసరు పెట్టి కట్టుకట్టకండి. కొత్తగా గడ్డ లేచినా, చంకల్లో గజ్జల్లో బిళ్ళలు పెరిగినా, కొద్ది వారాల్లోనే ఒళ్ళంతా ఎర్రబారినా తర్వాతి తేదీ కోసం చూడకుండా ముందే వెళ్ళండి. మామూలు రోజుల్లో ఇంట్లో గోరువెచ్చని నీళ్ళతో స్నానం, ఒళ్ళు తడి ఆరకముందే మాయిశ్చరైజరో కొబ్బరినూనో, కత్తిరించిన గోళ్ళు, నూలుబట్టలు ఉంటే చాలు.

నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోన్‌తో మచ్చల ఫొటోలు తీసి తేదీలతో ఉంచుకోండి. డాక్టరుకు మీ జ్ఞాపకంకన్నా అవే ఎక్కువ చెబుతాయి. చర్మవైద్యుల చీటీ, కేన్సరు వైద్యుల చీటీ ఒకే ఫైలులో పెట్టి ఇద్దరికీ చూపించండి. రెండింట్లో తేడా కనిపిస్తే ఏ మందు ఉంచాలో ఏది ఆపాలో మీరే నిర్ణయించుకోకుండా ఇద్దరిలో ఒకరికి ఆ రోజే ఫోన్ చేయండి.